గైడు గొంతు పోయిన శనివారం

హోర్న్ రేవులో బస్సు ఆపేసరికి
ఆఫ్కె గొంతు పోయింది.
తడి అగ్గిపుల్ల గీసినట్టు
రెండుసార్లు గరగరమని ఊరుకుంది.

వెనక ముప్పై ఒక్కమంది.
లింబుర్గ్ గనుల ఊళ్ల నుంచి వచ్చిన ముసలివాళ్లు,
టికెట్టులోనే కాఫీ, ఒక ముక్క ఆపిల్ కేకు,
మూడు పాత రేవుల చరిత్ర.
డబ్బు వెనక్కివ్వడమనే మాట లేదు.
ఆమె మెడలోని చిన్న స్పీకరు తీసి
నా మెడలో వేసింది.

నేను డ్రైవర్ని.
తొమ్మిదేళ్లుగా శనివారం శనివారం
బస్సులోనే కూర్చుని డబ్బాలో అన్నం తిన్నవాణ్ణి.
ఏ మలుపులో ఏ జోకు వస్తుందో
ఏ జోకుకి ఎవరు నవ్వరో నాకు కంఠతా.
దిగి వాళ్ల ముందు నడవడం మాత్రం ఇదే మొదలు.

ఆమె నా చెవిలో గుసగుస, నేను గట్టిగా.
"ఆ గోడలు ముందుకి వాలాయి చూడండి.
తాగి కాదు."
నవ్వారు.
"సరుకు పైకి లాగేటప్పుడు ఇటుకలకి రాసుకోకూడదని."
ఆమె మాటలు నా నోట్లో
ఎవరిదో చొక్కా తొడుక్కున్నట్టున్నాయి,
భుజాల దగ్గర వదులు, మెడ దగ్గర బిగువు.

గోదాము ముందు ఆగాం.
"ఇక్కడికే," అంది ఆఫ్కె, ఉత్త ఊపిరితో,
"మిరియాలు, లవంగాలు, జాజికాయ, ఓడలనిండా తెచ్చాం."
"ఇక్కడికే," అన్నాను.
"మిరియాలు, లవంగాలు, జాజికాయ, ఓడలనిండా," అన్నాను.
తరవాతి మాట పళ్ల వెనక ఆగింది.

మా తాత లాతుహేరు అంబన్ దీవి వాడు.
యాభై ఒకటిలో సిపాయి కోటుతో రాటర్‌డామ్‌లో దిగాడు.
ఆరు నెలలే అన్నారు.
శిబిరంలో, చెక్క గదిలో,
ఇరవై రెండేళ్లు పెట్టె పూర్తిగా సర్దనూ లేదు, విప్పనూ లేదు.
వాళ్లమ్మ లవంగాలు ఎండేసే చాప సంగతి చెప్పేవాడు.
చెట్లు ఎవరు నరికారో అడిగితే
టీ తాగేవాడు.

"తెచ్చారు," అన్నాను.

ఒక్క అక్షరం మార్చాను. ఎవరూ పట్టించుకోలేదు.
ఒకావిడ గోడకి ముక్కు ఆనించి
ఇంకా లవంగాల వాసనొస్తోందంది.
నిజమే. పై అంతస్తులో పళ్ల డాక్టరున్నాడు.

ఆఫ్కె మాత్రం పట్టించుకుంది.
నా వైపు చూసి, దగ్గుబిళ్ల ఒకటి నోట్లో వేసుకుని
ఇంకొకటి నా చేతిలో పెట్టింది.

ఎంక్‌హౌజెన్‌లో ఒకటే గాలి, అందరి చేతులూ టోపీల మీదే.
గంటల బురుజు దాటి, రాళ్ల గట్టు మీద నిలబెట్టి
ప్రతివారం ఆమె చేయించే పనే చేయించాను:
"వేలు ముంచి నాలుకకి తగిలించండి."
చప్పన.
రేవుంది, ఓడల కొయ్యలున్నాయి,
నెత్తళ్లకి ఉప్పు పట్టించిన కొట్లున్నాయి,
సముద్రమే లేదు.

"ముప్పై రెండులో," గుసగుస,
"అడ్డంగా గట్టేసి మూసేశారు."
రు.
ఆమె నోట్లోనూ అదే అక్షరం.
వాళ్ల తాత వలల్ని కోళ్లగూటి మీద కప్పారట.
మూలలు తనే కట్టి, ఇంట్లోకి పోయి
గోడవైపు తిరిగి పడుకున్నాడట.
తొమ్మిదేళ్లలో ఇది మైకులో రాలేదు.
గొంతు లేదు గనక చెప్పింది,
అదీ నా ఒక్కడి చెవికి.

నా ఇల్లు లేలీస్టాడ్‌లో.
ఆ మూసిన సముద్రం అడుగునే.
దొడ్లో బంగాళాదుంపకి పార వేస్తే గవ్వలు,
నా కూతురు కడిగి కిటికీలో పేర్చుకుంది.

మైకు నోటికి దగ్గరగా పట్టుకుని
"మూసే" అన్నాను.
తరవాత ఏ అక్షరం పెట్టాలో తేలేలోపు
గాలి దూరి స్పీకరు హోరుమంది.
ముప్పై ఒక్కమందీ మాట్లాడకుండా విన్నారు,
అదీ ఏర్పాట్లలో భాగమేననుకుని.

బస్సెక్కించి తలలు లెక్కపెట్టాను. ముప్పై.
ఒకాయన ఇంకా గట్టు కిందే,
ఇంకోసారి వేలు ముంచి
నాలుక మీద పెట్టుకుని నిలబడ్డాడు.
మెడెంబ్లిక్‌లో కాఫీ నాలుగింటికి.
ఆఫ్కె గడియారం చూపించింది.
నేను హారన్ మీద చెయ్యి వేసి
నొక్కలేదు.